సర్టిఫికెట్ చేతిలో ఉంటే బీమా ఉన్నట్టేనా?

క్లుప్తంగా: వ్యాపార బీమా సర్టిఫికెట్ అంటే ఫలానా పాలసీ ఉందని ఏజెంటో బ్రోకరో రాసిచ్చే ఒక పేజీ సమాచారం. అది పాలసీ కాదు, పాలసీని మార్చే శక్తీ దానికి లేదు. దాన్ని అందుకున్న కంపెనీకి బీమాలో హక్కు రావాలంటే ఆ మాట పాలసీలోనో, దానికి జతపడిన ఎండార్స్‌మెంట్‌లోనో (పాలసీ షరతులను మార్చే అదనపు పత్రం) ఉండాలి. పేజీ మీద కనిపించే అంకెల కన్నా, కనిపించని మినహాయింపుల వల్లే క్లెయిములు ఎక్కువగా చిక్కుల్లో పడతాయి.

అమెరికాలో ఒక పెద్ద కంపెనీ దగ్గర చిన్న కాంట్రాక్టు దొరికినా, ఆఫీసు స్థలం అద్దెకు తీసుకున్నా, ఏదైనా హాలులో ఒక్కరోజు కార్యక్రమం పెట్టుకున్నా అవతలి నుంచి ముందుగా వచ్చే ప్రశ్న ‘సీఓఐ (సర్టిఫికెట్ ఆఫ్ ఇన్సూరెన్స్) ఉందా?’ అనే. ఏజెంటుకు మెయిల్ పెడితే పీడీఎఫ్ వస్తుంది. దాన్ని అటు పంపిస్తారు, వాళ్లు ఫైల్లో పెట్టుకుంటారు. ఇద్దరూ ఇక ఆ సంగతి మరచిపోతారు. ప్రమాదం జరిగి లాయరు నోటీసు వచ్చాక మళ్లీ ఆ పేజీ తెరిస్తే, పైభాగంలోనే పెద్ద అక్షరాల్లో ఒక హెచ్చరిక ఉంటుంది: ఈ సర్టిఫికెట్ సమాచారం కోసం మాత్రమే, దీనివల్ల సర్టిఫికెట్ హోల్డరుకు ఏ హక్కులూ రావు. హక్కులేవీ ఇవ్వనని తానే చెప్పుకునే కాగితాన్ని ఇంతమంది ఇంత పట్టుగా ఎందుకు అడుగుతున్నట్టు?

## అడిగేవారి లెక్క

పని ఇచ్చే కంపెనీకి భయం రెండు వైపుల నుంచి ఉంటుంది. కాంట్రాక్టరు మనుషుల పొరపాటుకు బయటివాడు దెబ్బతింటే, ఆ బాధితుడు కాంట్రాక్టరు ఒక్కడి మీదే దావా వేయడు. భవన యజమానిని, పని ఇచ్చిన కంపెనీని, ఎవరి దగ్గర డబ్బుందో వాళ్లందరినీ చేరుస్తాడు. అందుకే కాంట్రాక్టుల్లో ‘నా మీదకు వచ్చే నష్టాన్ని నువ్వు భరించాలి’ అనే షరతు ఉంటుంది. అయితే ఖాళీ జేబున్నవాడు చేసిన ఆ వాగ్దానానికి విలువ ఉండదు. దాని వెనక బీమా ఉందో లేదో చూసుకోవడానికి సర్టిఫికెట్ అడుగుతారు.

రెండో కారణం అంతగా బయటికి కనిపించదు. చాలా రాష్ట్రాల్లో ఉపకాంట్రాక్టరుకు కార్మికుల నష్టపరిహార బీమా, అంటే వర్కర్స్ కాంపెన్సేషన్, లేకపోతే గాయపడిన అతని మనిషి ఖర్చు పైనున్న కాంట్రాక్టరు మీద పడుతుంది. అందుకే ఏడాది చివర ప్రీమియం ఆడిట్‌కు వచ్చినవారు ఉపకాంట్రాక్టర్ల సర్టిఫికెట్లు చూపమంటారు. చూపలేకపోతే వారికి చెల్లించిన మొత్తాన్ని సొంత ఉద్యోగుల జీతాల కింద లెక్కగట్టి అదనపు ప్రీమియం వేస్తారు. ఈ ఆడిట్‌లో సర్టిఫికెట్ నేరుగా డబ్బు మిగులుస్తుంది. సర్టిఫికెట్ల కోసం పట్టుబట్టే ఎకౌంట్స్ విభాగాల పట్టుదలకు సగం కారణం ఇదే కావచ్చు.

మొత్తం పాలసీనే ఎందుకు అడగరు? వాణిజ్య పాలసీ వంద పేజీలు దాటడం మామూలే. వందలాది వెండర్లున్న కంపెనీలో ఆ పేజీలన్నీ చదివే తీరిక ఎవరికీ ఉండదు. ఒక పేజీ, ఒకే అమరిక, ఎవరు పంపినా అదే గడిలో అదే సమాచారం: ఈ సౌకర్యమే సర్టిఫికెట్‌ను నిలబెట్టింది. ఆ అమరికను తయారుచేసింది 1970లో ఏర్పడిన అకార్డ్ అనే లాభాపేక్ష లేని సంస్థ. బాధ్యత బీమాకు, అంటే ఇతరులకు కలిగించిన నష్టానికి వర్తించే బీమాకు, వాడే దాని ఫారం అకార్డ్ 25. ఆస్తి బీమాకు ఫారాలు వేరు. వాణిజ్య భవనం మీద అప్పిచ్చిన బ్యాంకు సాధారణంగా అకార్డ్ 28 అడుగుతుంది. బ్యాంకు అడిగిన చోట 25 పంపి, అది తిరిగొచ్చాక తలపట్టుకునేవారు తక్కువేమీ కాదు.

## పేజీని పైనుంచి కిందికి చదివితే

ఎడమవైపు పైన ‘ప్రొడ్యూసర్’ గడిలో ఉండేది ఏజెంటు లేదా బ్రోకరు పేరు. బీమా కంపెనీ అనుకుని చాలామంది ఇక్కడే పొరబడతారు. దాని కింద ‘ఇన్సూర్డ్’, అంటే బీమా ఎవరి పేరున ఉందో ఆ వ్యాపారం. ఈ పేరు కాంట్రాక్టులోని పేరుతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. ఒకే యజమానికి రెండు ఎల్‌ఎల్‌సీలు (పరిమిత బాధ్యత కంపెనీలు) ఉండి, కాంట్రాక్టు ఒకదానితో, బీమా మరొకదానికి ఉంటే, కాంట్రాక్టు చేసుకున్న కంపెనీకి బీమా లేనట్టే. కుడివైపు ఏ, బీ, సీ అక్షరాలతో బీమా కంపెనీల పేర్లు, వాటి ఎన్‌ఏఐసీ నంబర్లు (రాష్ట్రాల బీమా నియంత్రణాధికారుల సంఘం ఇచ్చే గుర్తింపు సంఖ్యలు) వస్తాయి. ఆ నంబరుతో కంపెనీ నిజంగా ఉందా, ఆ రాష్ట్రంలో వ్యాపారం చేసే అనుమతి ఉందా అని చూసుకోవచ్చు.

మధ్యలో పట్టిక. మొదటి వరుస కమర్షియల్ జనరల్ లయబిలిటీ, అంటే వ్యాపారాల సాధారణ బాధ్యత బీమా. ఇక్కడ రెండు చిన్న పెట్టెల్లో ఏది టిక్ అయిందో చూడాలి. ‘అకరెన్స్’ అయితే పాలసీ అమల్లో ఉన్నప్పుడు జరిగిన నష్టానికి, దావా ఎప్పుడు పడినా కవరేజీ ఉంటుంది. ‘క్లెయిమ్స్ మేడ్’ అయితే దావా కూడా పాలసీ గడువులోనే రావాలి. పాలసీ పునరుద్ధరించకపోతే పాత పని మీద కొత్తగా పడే దావాకు దిక్కుండదు. వృత్తిపరమైన పొరపాట్లకు తీసుకునే పాలసీలు ఎక్కువగా ఈ రెండో రకమే. పని ముగిసిన రెండేళ్లకు లోపం బయటపడే రంగాల్లో ఈ ఒక్క టిక్కు చాలా మార్చేస్తుంది.

పక్కనే పరిమితులు. ఒక్కో ఘటనకు 10 లక్షల డాలర్లు, ఏడాదికి మొత్తం 20 లక్షల డాలర్లు అన్నవి కాంట్రాక్టుల్లో తరచూ కనిపించే అంకెలు. రెండోదాన్ని అగ్రిగేట్ అంటారు. ఆ మొత్తం ఒక్క కాంట్రాక్టు కోసం ఉంచిన డబ్బు కాదు; ఆ వ్యాపారి చేసే అన్ని పనుల మీద వచ్చే క్లెయిములకూ కలిపి అంతే. ‘ప్రతి ప్రాజెక్టుకు’ అనే పెట్టె టిక్ అయితేనే విడివిడిగా లెక్క. పైగా అప్పటికే కొన్ని క్లెయిములు చెల్లించి ఉంటే మిగిలింది తక్కువే. చెల్లించిన క్లెయిముల వల్ల ఈ పరిమితులు తగ్గి ఉండవచ్చని ఫారం తనే అచ్చులో చెబుతుంది, ఎంత తగ్గిందో మాత్రం చెప్పదు.

వాహన బీమా వరుసలో ‘ఎనీ ఆటో’ అంటే ఏ వాహనమైనా అని. ‘షెడ్యూల్డ్’ అంటే పాలసీలో రాసిన వాహనాలు మాత్రమే. ఉద్యోగులు సొంత కారులో పని మీద తిరిగే వ్యాపారాల్లో ‘హైర్డ్’ (అద్దెకు తీసుకున్నవి), ‘నాన్-ఓన్డ్’ (వ్యాపారానికి సొంతం కానివి) పెట్టెలు ముఖ్యం. అంబ్రెల్లా పాలసీ వీటన్నిటి మీద అదనపు మొత్తం.

కార్మికుల బీమా వరుసలో ఒక చిన్న ప్రశ్న ఉంటుంది: యజమాని, భాగస్వామి లేదా అధికారిని కవరేజీ నుంచి మినహాయించారా? దానికి జవాబు అవును అయితే జాగ్రత్త పడాలి. ఉద్యోగులెవరూ లేని ఏకవ్యక్తి వ్యాపారి, తనను తానే మినహాయించుకుని, కనీస ప్రీమియం కట్టి తీసుకునే పాలసీలు ఉన్నాయి. వ్యవహారంలో వాటిని ఘోస్ట్ పాలసీలు అంటారు. ఆ పాలసీ కింద రక్షణ పొందే మనిషంటూ ఎవరూ ఉండరు. అది ఉన్నది సర్టిఫికెట్ పుట్టించడానికే. ఇదే వరుసలో ఇంకో తేడా కూడా కనిపించవచ్చు: ఒహాయో, నార్త్ డకోటా, వాషింగ్టన్, వయోమింగ్ రాష్ట్రాల్లో ఈ బీమాను ప్రైవేటు కంపెనీలు అమ్మవు, రాష్ట్ర నిధి నుంచే తీసుకోవాలి. టెక్సాస్‌లో ప్రైవేటు యజమానులకు అసలిది తప్పనిసరి కాదు.

## హోల్డరు వేరు, అడిషనల్ ఇన్సూర్డ్ వేరు

గందరగోళమంతా ఎక్కువగా ఇక్కడే. పేజీ కింద ఎడమ మూల పెట్టెలో ఎవరి పేరుంటే వారు సర్టిఫికెట్ హోల్డరు. అంటే ఈ కాగితం ఎవరికి పంపారో వారు, అంతే. పాలసీతో వారికి ఏ సంబంధమూ ఏర్పడదు. అడిషనల్ ఇన్సూర్డ్ అంటే వేరొకరి పాలసీలో తానూ రక్షణ పొందే పక్షం. దావా పడితే బీమా కంపెనీ వారి తరఫున కూడా లాయరును పెట్టాలి, పరిమితి మేరకు చెల్లించాలి. ఈ హోదాను పాలసీ ఎండార్స్‌మెంట్ ఇస్తుంది. పట్టికలో అడిషనల్ ఇన్సూర్డ్ గడిలో వై (అవును) అనే అక్షరం కొట్టినంత మాత్రాన రాదు.

ఎండార్స్‌మెంట్ ఉన్నా అది ఏ రకమన్నది మళ్లీ చూడాలి. అమెరికాలో చాలా కంపెనీలు ఇన్సూరెన్స్ సర్వీసెస్ ఆఫీస్ (ఐఎస్‌ఓ) రూపొందించిన ప్రామాణిక ఫారాలు వాడతాయి. వాటిలో సీజీ 20 10 ఇప్పటి కూర్పుల ప్రకారం పని జరుగుతున్నంత కాలమే రక్షణ ఇస్తుంది. పని అప్పగించాక బయటపడే లోపాలకు సీజీ 20 37 విడిగా ఉండాలి. 1985 నాటి పాత కూర్పులో ఈ రెండూ ఒకదానిలోనే ఉండేవి. అందుకే కొన్ని కాంట్రాక్టుల్లో ఇప్పటికీ ఆ పాత కూర్పే కావాలని రాస్తారు, అది దొరకడం మాత్రం కష్టం. 2004లో మరో మార్పు వచ్చింది. అంతకుముందు కాంట్రాక్టరు పనితో ఏదో ఒక సంబంధం ఉంటే చాలన్నట్టున్న భాష, ఆ తర్వాత నష్టానికి కాంట్రాక్టరు కొంతైనా కారణమై ఉండాలన్న భాషగా మారింది. పని ఇచ్చిన కంపెనీ పూర్తిగా తన తప్పుతోనే నష్టం తెచ్చుకుంటే కాంట్రాక్టరు పాలసీ ఆదుకోదన్నమాట.

ప్రతి క్లయింటు పేరూ విడిగా చేర్చకుండా, ‘రాతపూర్వక కాంట్రాక్టు కోరిన ఎవరినైనా’ చేర్చుకునే బ్లాంకెట్ ఎండార్స్‌మెంట్లూ ఉన్నాయి. సౌకర్యమే, కానీ సీజీ 20 33 వంటివాటిలో కాంట్రాక్టు నేరుగా ఇద్దరి మధ్య ఉండాలి. ఉపకాంట్రాక్టరు సంతకం చేసింది ప్రధాన కాంట్రాక్టరుతో అయితే, పైనున్న భవన యజమానికి దీని కింద చోటు దక్కకపోవచ్చు. సర్టిఫికెట్‌లో యజమాని పేరు చక్కగా రాసి ఉన్నా సరే.

ఇదే కోవలో మరో రెండు మాటలు కాంట్రాక్టుల్లో తరచూ వస్తాయి. ‘వేవర్ ఆఫ్ సబ్రోగేషన్’ ఉంటే, నష్టం చెల్లించిన బీమా కంపెనీ ఆ డబ్బు రాబట్టుకోవడానికి క్లయింటు మీద దావా వేయదు. ‘ప్రైమరీ, నాన్-కంట్రిబ్యూటరీ’ అంటే ముందుగా కాంట్రాక్టరు పాలసీయే చెల్లించాలి, క్లయింటు సొంత పాలసీని వాటా అడగకూడదు. రెండూ పాలసీలో ఉంటేనే పనిచేస్తాయి.

## రద్దయితే ఎవరు చెబుతారు?

2009కి ముందు అకార్డ్ 25లో, పాలసీ రద్దయితే హోల్డరుకు ఇన్ని రోజుల ముందు నోటీసు పంపడానికి ప్రయత్నిస్తామన్న వాక్యం, రోజుల సంఖ్య రాయడానికి ఖాళీ ఉండేవి. చాలామంది ఆ ‘ప్రయత్నిస్తాం’ మాటను కొట్టేసి ‘పంపుతాం’ అని మార్చమని ఏజెంట్ల మీద ఒత్తిడి తెచ్చేవారు. పాలసీలో లేని బాధ్యతను సర్టిఫికెట్‌తో పుట్టించడం ఇది. 2009 కూర్పులో ఆ ఖాళీ పోయింది. నోటీసు పాలసీ నిబంధనల ప్రకారమే అందుతుందన్న వాక్యం మిగిలింది.

మరి పాలసీ నిబంధనలు ఏమంటాయి? ఐఎస్‌ఓ ప్రామాణిక షరతుల ప్రకారం ప్రీమియం కట్టకపోతే 10 రోజులు, ఇతర కారణాలకు 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. అదీ పాలసీలో మొదటి పేరున్నవారికే. రాష్ట్ర చట్టాలు ఈ గడువులను మార్చవచ్చు. హోల్డరుకు నోటీసు కావాలంటే అందుకు వేరే ఎండార్స్‌మెంట్ కొనాలి. లేదంటే జనవరిలో పంపిన సర్టిఫికెట్ డిసెంబరు దాకా చెల్లేలా కనిపిస్తూనే ఉంటుంది, మార్చిలో పాలసీ రద్దయిపోయినా. ఖాతా నిల్వ చూపే చీటీ లాంటిదే ఇదీ: అచ్చయిన క్షణంలో ఎంత ఉందో చెబుతుంది, మర్నాటి సంగతి దానికి తెలియదు.

## పేజీకి అందని మినహాయింపులు

ఫారంలో మినహాయింపులకు గడి లేదు. బీమా ఉందా, ఎంత ఉంది అనే ప్రశ్నలకు చోటుంది. దేనికి లేదు అనే ప్రశ్నకు లేదు. ఇళ్ల నిర్మాణాన్ని మినహాయించిన పాలసీ ఉన్న కాంట్రాక్టరు ఇళ్ల ప్రాజెక్టుకే సర్టిఫికెట్ ఇవ్వవచ్చు, అందులో ఒక్క అక్షరం కూడా అబద్ధం ఉండదు. ఎత్తులో చేసే పనులు, ఉపకాంట్రాక్టరు మనుషులకు తగిలే గాయాలు, కొన్ని రకాల పైకప్పు పనులు మినహాయించే పాలసీలు మార్కెట్లో ఉన్నాయి. తక్కువ ప్రీమియానికి దొరికే పాలసీల్లో ఇవి ఎక్కువ. నిర్మాణ రంగంలో పడిపోయే ప్రమాదాలకు భవన యజమానుల మీద కఠిన బాధ్యత మోపే న్యూయార్క్ వంటి చోట, కార్మికుల గాయాల మినహాయింపు ఉన్న పాలసీ పని ఇచ్చిన కంపెనీకి దాదాపు నిరుపయోగం. పరిమితి గడిలో అంకె మాత్రం నిండుగా కనిపిస్తుంది. సర్టిఫికెట్ తనిఖీలో ఎక్కువ మంది చూసేది ఆ అంకెనే.

## హెచ్చరిక ఉన్నా కట్టుబడాల్సి వచ్చిన సందర్భం

సర్టిఫికెట్ హక్కులివ్వదన్నది సాధారణ సూత్రం. అమెరికాలో చాలా కోర్టులు దాన్నే పాటిస్తాయి. 2019 అక్టోబరులో వాషింగ్టన్ రాష్ట్ర సుప్రీంకోర్టు మాత్రం వేరే దారి పట్టింది. టీ-మొబైల్ గ్రూపులోని నార్త్‌ఈస్ట్ అనుబంధ సంస్థ న్యూయార్క్‌లో ఒక భవనం పైకప్పు మీద సెల్ టవర్ పని ఒక ఇంజినీరింగ్ కాంట్రాక్టరుకు ఇచ్చింది. రాతపూర్వక కాంట్రాక్టు ఆ అనుబంధ సంస్థతోనే. సెలెక్టివ్ అనే బీమా కంపెనీ ఏజెంటు మాత్రం మాతృసంస్థ టీ-మొబైల్ యూఎస్‌ఏ అడిషనల్ ఇన్సూర్డ్ అని సర్టిఫికెట్లలో రాస్తూ వచ్చాడు. భవన యజమాని దావా వేశాక బీమా కంపెనీ, మాతృసంస్థతో కాంట్రాక్టే లేదు, సర్టిఫికెట్‌లో హెచ్చరిక కూడా ఉంది, మాకు బాధ్యత లేదంది.

కోర్టు అందుకు ఒప్పుకోలేదు. బీమా కంపెనీ తరఫున మాట్లాడే అధికారం ఉన్నట్టు కనిపించే ఏజెంటు ‘ఫలానావారు అడిషనల్ ఇన్సూర్డ్’ అని స్పష్టంగా చెప్పాక, అచ్చులో ఉన్న సాధారణ హెచ్చరిక ఆ స్పష్టమైన మాటను రద్దు చేయజాలదని తీర్పు. దీన్ని బట్టి ఇకపై సర్టిఫికెట్‌నే నమ్ముకోవచ్చనుకుంటే పొరపాటు. ఇది ఒక రాష్ట్ర చట్టం కింద వచ్చిన తీర్పు. అదీ రాసింది బీమా కంపెనీ ఏజెంటు కావడం వల్ల. స్వతంత్ర బ్రోకరు సాధారణంగా బీమా తీసుకున్నవారి ప్రతినిధి, అతని మాట బీమా కంపెనీని అదే తీరున కట్టివేయదు. ఫలితం దక్కింది కూడా ఎన్నో ఏళ్ల వ్యాజ్యం తర్వాత.

## అన్ని సర్టిఫికెట్లూ ఇంత బలహీనం కావు

ఈ పేరుతో ఉన్న కాగితాలన్నిటినీ ఒకే గాటన కట్టడం వల్ల కూడా అపోహలు పెరిగాయి. భారతదేశంలో 1988 మోటారు వాహనాల చట్టం కింద వాహన బీమా సర్టిఫికెట్ చట్టబద్ధమైన పత్రం. అది జారీ అయితేనే ఆ చట్టం దృష్టిలో పాలసీకి చెల్లుబాటు, బాధితుడి పట్ల బీమా కంపెనీ బాధ్యత కూడా దానితో ముడిపడి ఉంటుంది. బ్రిటన్‌లో 1969 చట్టం ప్రకారం ఉద్యోగులున్న యజమాని కనీసం 50 లక్షల పౌండ్ల బాధ్యత బీమా తీసుకుని, సర్టిఫికెట్‌ను ఉద్యోగులకు కనిపించేలా ఉంచాలి. ఎగుమతుల్లో మరో రకం ఉంది: ఓపెన్ కవర్ (వరుస రవాణాలన్నిటికీ కలిపి తీసుకునే బీమా) కింద జారీ చేసే సరుకు బీమా సర్టిఫికెట్‌ను బ్యాంకులు లెటర్ ఆఫ్ క్రెడిట్ వ్యవహారాల్లో బీమా పత్రంగా అంగీకరిస్తాయి. లెటర్ ఆఫ్ క్రెడిట్లకు వర్తించే, 2007 నుంచి అమల్లో ఉన్న యూసీపీ 600 అనే అంతర్జాతీయ నియమాలు అందుకు షరతులు పెట్టాయి. లెటర్ ఆఫ్ క్రెడిట్‌లో వేరే మాట లేకపోతే బీమా మొత్తం సరుకు విలువలో కనీసం 110 శాతం ఉండాలన్నది వాటిలో ఒకటి.

వీటిలో సర్టిఫికెట్‌కు ఆ బలం ఇచ్చింది చట్టమో, వాణిజ్య నియమావళో. అకార్డ్ 25 వెనక అలాంటిదేమీ లేదు. పైగా టెక్సాస్, న్యూయార్క్ సహా అనేక రాష్ట్రాలు, సర్టిఫికెట్ పాలసీని మార్చినట్టుగానో విస్తరించినట్టుగానో రాయడాన్ని చట్టం ద్వారా నిషేధించాయి.

## తీసుకునేవారు, ఇచ్చేవారు

అందుకునేవారికి ఇందులో పాఠం కష్టమైనదేమీ కాదు, కాస్త శ్రమ మాత్రమే. ప్రమాదం తక్కువున్న పనికి సర్టిఫికెట్ ఒక్కటీ చాలు. ప్రమాదం ఎక్కువున్న పనికి దానితోపాటు అడిషనల్ ఇన్సూర్డ్ ఎండార్స్‌మెంట్ ప్రతి, పాలసీకి జతచేసిన ఫారాల జాబితా అడగాలి. ఆ జాబితాలో మినహాయింపుల పేర్లు బయటపడతాయి. పీడీఎఫ్‌లో తేదీలు, అంకెలు మార్చడం తేలిక కాబట్టి సర్టిఫికెట్ కాంట్రాక్టరు ద్వారా కాకుండా ఏజెన్సీ నుంచే నేరుగా రావాలి. సందేహం ఉంటే, ఆ కాగితం మీదున్న ఫోన్ నంబరుకు కాక, విడిగా వెతికి పట్టుకున్న నంబరుకు ఫోన్ చేయాలి. బీమా గడువు పని మధ్యలో ముగిసేలా ఉంటే కొత్త సర్టిఫికెట్ కోసం గుర్తు పెట్టుకోవడం కూడా అడిగినవారి పనే.

ఇచ్చే చిన్న వ్యాపారి ఇబ్బంది వేరు. కాంట్రాక్టు మీద సంతకం చేసేశాక బీమా షరతుల పేజీ ఏజెంటుకు పంపితే, అందులో కొన్ని ఎండార్స్‌మెంట్లకు అదనపు ప్రీమియం పడవచ్చు, కొన్నిటికి బీమా కంపెనీ అసలు ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు ‘వివరణ గడిలో ఒక వాక్యం రాసి పంపేయండి’ అని క్లయింటు ఒత్తిడి చేస్తే ఏజెంటు కాదంటాడు. రాస్తే చట్టాన్ని మీరినట్టవుతుంది, అతని లైసెన్సు మీదకు వస్తుంది. ఆ వాక్యం ఎలాగోలా రాయించుకున్నా వ్యాపారికి గండం తప్పదు: ఇస్తానన్న బీమా ఇవ్వనందుకు కాంట్రాక్టు ఉల్లంఘన కింద ఆ నష్టం సొంత జేబులోంచి కట్టాల్సి రావచ్చు, దానికి జనరల్ లయబిలిటీ పాలసీ పనికిరాదు. ఏజెంటు ఆ పేజీని సంతకానికి ముందే చూస్తే, ఒప్పుకోలేని షరతును క్లయింటుతో మాట్లాడి మార్పించుకోవడానికి ఇంకా సమయం ఉంటుంది.